‘కోడ్ మంకీస్’ నవ్వుల వెనక: అటారి ఎలా మునిగింది?

2007 జులైలో జీ4 అనే అమెరికన్ కేబుల్ ఛానల్ ‘కోడ్ మంకీస్’ అనే యానిమేషన్ కామెడీ మొదలుపెట్టింది. బొమ్మలు కదా, పిల్లలదే అనుకుని పెడితే అయిదు నిమిషాల్లో రిమోట్ కోసం వెతుక్కోవాలి. బూతులు, గంజాయి, ఆఫీసులో కొట్లాటలు, ఏ వర్గాన్నీ వదలని వెటకారం. ఆడమ్ డె లా పేన్యా తీసిన ఈ సీరీస్ రెండు సీజన్లు, 26 ఎపిసోడ్లు నడిచి 2008లో ఆగిపోయింది. చూడటానికి పాత వీడియో గేమ్ ఆడుతున్నట్టే ఉంటుంది. మనుషులు గళ్ళు గళ్ళుగా ఉంటారు, అటూ ఇటూ అడ్డంగా నడుస్తారు, తెర అంచుల్లో స్కోరు కనిపిస్తుంది.

కథ జరిగేది 1980ల మొదట్లో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో. ఇవాళ మనవాళ్ళకి సన్నీవేల్ అంటే గోంగూర కట్టలు దొరికే ఊరు. అప్పట్లో అది వీడియో గేముల రాజధాని. అక్కడ గేమావిజన్ అనే కల్పిత కంపెనీ. మొదటి ఎపిసోడ్‌లోనే యజమాని కంపెనీని అమ్మేసి తన దారిన తను పోతాడు. ఆ యజమాని ఎవరో కాదు, ఆపిల్ కంపెనీని పెట్టినవాళ్ళలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్. గొంతు కూడా ఆయనే ఇచ్చాడు. కొన్నది లారిటీ అనే టెక్సస్ ధనవంతుడు. గేముల గురించి ఆయనకి తెలిసింది సున్నా, కావలసింది డబ్బు. కింద పనిచేసేది డేవ్, జెర్రీ అనే ఇద్దరు ప్రోగ్రామర్లు, మేరీ అనే ఒకే ఒక్క మహిళా ప్రోగ్రామర్, ఇంకొంత మంది విచిత్ర జీవులు.

నా మటుకు ఇది గొప్ప సీరీస్ కాదు. సగం జోకులు వచ్చినప్పుడే పాతవి, కొన్ని ఇప్పుడు చూస్తే చిరాకు తెప్పిస్తాయి. అయినా కథకి ఎంచుకున్న చోటు, కాలం మాత్రం సరిగ్గా కుదిరాయి. గేముల గురించి తెలియని యజమాని, పేరు దక్కని ప్రోగ్రామర్లు, వారాల్లో చుట్టేసే ఆటలు — ఇవన్నీ అటారి అనే వీడియో గేముల కంపెనీలో నిజంగా జరిగినవే. ఆ కంపెనీ చరిత్ర గురించి అందరి నోటా వినపడే మాట ఒకటుంది: ‘ఈ.టీ.’ అనే ఒక చెత్త ఆట వచ్చి మొత్తం పరిశ్రమని ముంచేసిందని. వినడానికి బాగుంటుంది, కానీ అది జరిగిన సంగతి కాదు. ముడి ఎక్కడ పడిందో తెలియాలంటే ముందు ఆ కాలంలో తెర మీద బొమ్మ ఎలా వచ్చేదో చూడాలి. తర్వాతి గొడవలన్నిటికీ వేరు అక్కడుంది.

128 బైట్లు

అటారిని నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 1972లో పెట్టారు. ఆ ఏడే ‘పాంగ్’ అనే, నాణెం వేసి ఆడే ఆట యంత్రాన్ని సన్నీవేల్‌లోని ఒక బారులో పెడితే కొన్నాళ్ళకి పనిచేయడం మానేసింది. వెళ్ళి చూస్తే చిల్లర డబ్బా నిండిపోయి ఉంది. 1976లో వార్నర్ కమ్యూనికేషన్స్ ఆ కంపెనీని 2.8 కోట్ల డాలర్లకి కొంది. మరుసటి ఏడు సెప్టెంబరులో 199 డాలర్లకి ఇంట్లో టీవీకి తగిలించుకునే పెట్టె ఒకటి వచ్చింది. తర్వాత దాన్నే అటారి 2600 అన్నారు. ఆటకో క్యాసెట్, మార్చి మార్చి పెట్టుకోవడమే.

ఆ పెట్టెలో ఉన్న మెమరీ 128 బైట్లు. కిలోబైట్లు కూడా కాదు, బైట్లు. ఈ పేరాలోని అక్షరాలు కూడా అందులో పట్టవు. ఆట మొత్తం ఉండాల్సిన క్యాసెట్ మొదట్లో 2 కేబీ, ఆ తర్వాత 4 కేబీ. తెర మీద కనపడే బొమ్మ మొత్తాన్ని ఒకచోట దాచుకునే జాగా ఆ యంత్రంలో లేనే లేదు. మరి బొమ్మ ఎలా వచ్చేది?

అప్పటి టీవీలో ఎలక్ట్రాన్ కిరణం పైనుంచి కిందికి ఒక్కో గీతా గీసుకుంటూ పోయేది. సెకనుకి 60 సార్లు, సారికి 262 గీతలు. వాటిలో ఆటకి వాడుకునేవి 192 దాకా. కిరణం ఒక గీత పూర్తిచేసే లోపల ప్రాసెసర్‌కి దొరికేది 76 లయలు, అంటే దాని గడియారం టిక్కులు. ఒక్క చిన్న ఆదేశానికే రెండు మూడు లయలు ఖర్చు. అంటే గీతకి ఇరవై పాతిక ఆదేశాలు ఇస్తే గొప్ప. ఈ గీత మీద ఆటగాడి బొమ్మలో ఏ ముక్క రావాలి, ఏ రంగులో, వెనక గోడ ఎక్కడ అన్నది ఆ కాస్త వ్యవధిలోనే చిప్‌కి చెప్పేయాలి. బంతి భోజనాల్లో విస్తళ్ళే కదిలిపోతూ ఉంటే వడ్డించేవాడు నిలబడిన చోటునుంచే ప్రతి ఆకులోనూ అన్నీ పడేలా చూసుకోవడం లాంటిది. ఆలస్యమైతే కూర పక్క విస్తట్లో పడుతుంది.

పైగా ఆ చిప్ ఇచ్చే సరంజామా ఏమిటంటే: ఎనిమిది చుక్కల వెడల్పున్న బొమ్మలు రెండు, రెండు తూటాలు, ఒక బంతి, వెనక మోటుగా ఒక గోడ. ఇవి ‘పాంగ్’ లాంటి ఆటలకీ, ట్యాంకుల యుద్ధానికీ సరిపోతాయని లెక్కేసి పెట్టినవి. వీటితోనే చదరంగం చేయమన్నారు. చదరంగంలో ఒకే వరసలో ఎనిమిది పావులుంటాయి. బాబ్ వైట్‌హెడ్ అనే ప్రోగ్రామర్ గీత విడిచి గీతలో బొమ్మల్ని జరుపుతూ, కిటికీ చెక్కల మధ్యనుంచి చూసినట్టుగా పావులన్నీ కనపడేలా చేశాడు. యంత్రం ఎత్తు ఆలోచించే సమయంలో తెర గీయడానికి తీరిక లేదు కాబట్టి అప్పుడు తెర మీద రంగులు మాత్రం మెరుస్తూ ఉండేవి. అదే పెట్టెలో తర్వాత ‘ప్యాక్‌మ్యాన్’ వచ్చినప్పుడు నాలుగు దయ్యాలకీ కలిపి ఒకే బొమ్మ దొరికింది. ఒక్కో క్షణం ఒక్కో దయ్యాన్ని చూపిస్తూ పోవడం వల్ల అవి మిణుకు మిణుకుమనేవి.

అందుకే ‘కోడ్ మంకీస్’ చూస్తుంటే ఒక చిన్న అభ్యంతరం. అందులో కనిపించే బొమ్మలు కథ జరిగే కాలంలోని పెట్టెల్లో వచ్చేవి కావు. అన్ని రంగుల చొక్కాలు, కదిలే పెదాలు, తెర నిండా మనుషులు ఉండాలంటే కనీసం ఆ తర్వాతి తరం నింటెండో యంత్రం కావాలి. మన ఇళ్ళల్లో 90ల్లో మారియో, కాంట్రా ఆడించిన నకలు పెట్టెలు ఆ తరానివే. నవ్వించడానికి ఈ స్వేచ్ఛ తీసుకున్నందుకు తప్పు పట్టను. కానీ ఈ తేడా తెలిస్తే అసలు విషయం అర్థమవుతుంది. అటారిలో ఒక ఆట అంటే ఒక మనిషి. ఆలోచన అతనిదే, కోడు అతనిదే, బొమ్మలు, చప్పుళ్ళు, ఆట ఎంత కష్టంగా ఉండాలన్న నిర్ణయం అన్నీ అతనివే. ఆరేడు నెలలు ఒక్కడే కూర్చుని చేసేవాడు. బయటికి వచ్చేసరికి డబ్బా మీద అటారి పేరే ఉండేది, అతని పేరు ఎక్కడా ఉండేది కాదు.

తువ్వాళ్ళ కంపెనీ నుంచి వచ్చిన దొర

1978లో వార్నర్ రే కాసార్ని అటారికి తీసుకొచ్చింది. ఆయన అంతకుముందు బర్లింగ్టన్ ఇండస్ట్రీస్ అనే బట్టల కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ ఏడు చివర్లో బుష్నెల్ బయటికి పోయాడు. సీరీస్‌లోని లారిటీ తుపాకులూ టోపీలూ వేసుకుని అరిచే మనిషి. కాసార్ అలాంటివాడు కాదు. చక్కటి సూట్లు, మర్యాద, అధికారులకి ప్రత్యేక భోజనశాల. నాకైతే అసలు హాస్యం అక్కడే ఉందనిపిస్తుంది. జీన్సూ చెప్పులూ వేసుకుని అర్ధరాత్రి దాకా పనిచేసే కుర్రాళ్ళకీ, ఆ పాలిష్ బూట్లకీ మధ్య ఏ మాటా కుదరలేదు. రచయితలు ఆ మౌనాన్ని వదిలేసి సులువైన బొమ్మని ఎంచుకున్నారు. డబ్బు విషయంలో మాత్రం కాసార్ని తక్కువ చేయలేం. కంపెనీ అమ్మకాలు ఆకాశానికెక్కింది ఆయన హయాంలోనే. 1982 నాటికి వార్నర్ లాభాల్లో సగానికి పైగా అటారివే.

గొడవ ఒక కాగితంతో మొదలైంది. ఏ ఆట ఎంత అమ్ముడైందో చూపిస్తూ మార్కెటింగ్ వాళ్ళు ప్రోగ్రామర్లకి ఒక పట్టిక పంచారు. ఇలాంటివి ఇంకా చేయండి అని వాళ్ళ ఉద్దేశం. ఎవరి పేరూ లేకపోయినా ఏ ఆట ఎవరు చేశారో అక్కడ అందరికీ తెలుసు. అక్కడి ప్రోగ్రామర్ డేవిడ్ క్రేన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన లెక్క ప్రకారం, కంపెనీ క్యాసెట్ల అమ్మకాల్లో సగానికి మించి నలుగురు మనుషుల ఆటల వల్లే వస్తోంది: తను, లారీ కప్లాన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్. జీతం చూస్తే ఏడాదికి ఇరవై ముప్ఫై వేల డాలర్లు. నలుగురూ కాసార్ దగ్గరికి వెళ్ళారు. అడిగింది పెద్ద వింతేమీ కాదు: పాటలు పాడేవాళ్ళకి, పుస్తకాలు రాసేవాళ్ళకి ఇచ్చినట్టు అమ్మకంలో చిన్న వాటా, డబ్బా మీద పేరు. వార్నర్ స్వయంగా రికార్డులు అమ్మే సంస్థ, గాయకులకి రాయల్టీలు ఇవ్వడం వాళ్ళకి రోజువారీ పని. కానీ క్రేన్ చెప్పేదాని ప్రకారం కాసార్ ఇచ్చిన సమాధానం, క్యాసెట్లు బిగించే కార్మికుడికంటే మీరేమీ ఎక్కువ కాదు అని.

అదే రోజుల్లో వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ ఇంకో దారి తొక్కాడు. తను చేసిన ‘అడ్వెంచర్’ ఆటలో, నేల రంగులో కలిసిపోయిన ఒక చుక్కని వెతికి పట్టుకుని ఒక గోడ దగ్గరికి తెస్తే తెరుచుకునే రహస్యపు గది పెట్టాడు. ఆ గదిలో ఇది చేసింది ఫలానా అని తన పేరు రాసుకున్నాడు. పై అధికారులకి చెప్పలేదు. ఆట బజారులోకి వచ్చేసరికి ఉద్యోగం మానేశాడు. ఎవరో కుర్రాడు దాన్ని కనిపెట్టి కంపెనీకి ఉత్తరం రాశాకే అటారికి తెలిసింది. తీసేయడం ఖర్చు అని ఊరుకున్నారు. పైగా ఇలాంటివి ఆటకి ఆకర్షణ అని తేల్చారు. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో దాచిపెట్టే చిలిపి పనులన్నిటినీ ఈస్టర్ ఎగ్స్ అంటున్నామే, ఆ వాడుక ఈ గదితోనే స్థిరపడింది.

ఆ నలుగురు మాత్రం 1979లో బయటికొచ్చి, సంగీత వ్యాపారం నుంచి వచ్చిన జిమ్ లెవీతో కలిసి యాక్టివిజన్ పెట్టారు. వేరే కంపెనీ పెట్టెకి ఆటలు మాత్రమే చేసి అమ్మే మొదటి సంస్థ అది. వాళ్ళ ఆటలతో వచ్చే పుస్తకంలో చేసిన మనిషి పేరూ, ఫొటో ఉండేవి. అటారి 1980లో కోర్టుకెక్కింది. 1982లో రాజీ కుదిరింది: యాక్టివిజన్ కొంత రాయల్టీ కడుతుంది, ఆటలు అమ్ముకోవచ్చు. అదే ఏడు క్రేన్ చేసిన ‘పిట్‌ఫాల్’ వచ్చింది. దాని క్యాసెట్లు 40 లక్షల దాకా అమ్ముడయ్యాయి.

కథలో మలుపు ఇదే. అటారి పెట్టెకి తాళం లేదు. ఆ చిప్‌ల తీరు తెలిసిన ఎవడైనా క్యాసెట్ చేసి అమ్ముకోవచ్చు. 1977లో దాన్ని తయారుచేసినప్పుడు బయటివాళ్ళు ఆటలు చేస్తారన్న ఊహే ఎవరికీ లేదు. యాక్టివిజన్ దారి చూపింది, కోర్టు వ్యవహారం ఆ దారికి బోర్డు పెట్టినట్టయింది.

వాళ్ళొక్కరే కాదు, అందరూ వచ్చారు

యాక్టివిజన్ వెనక వచ్చినవాళ్ళలో ఇమాజిక్ లాంటి మంచి సంస్థలున్నాయి. తర్వాత వచ్చినవాళ్ళని చూస్తే సీరీస్ రచయితలు కూడా ఇంత రాయలేరు. ఓట్స్ అమ్మే క్వేకర్ ఒక గేముల కంపెనీని కొనేసింది. కుక్కల తిండి అమ్మే ప్యురినా తన ప్రకటనలోని బండి మీద ఒక ఆట చేయించింది. జాన్సన్ అండ్ జాన్సన్ పళ్ళని కాపాడే ఆట తెచ్చింది. మిస్టిక్ అనే సంస్థ అశ్లీల ఆటలు చేసి, ఆదివాసీ మహిళ మీద అత్యాచారాన్ని ఆటగా పెట్టి, నిరసనల మధ్య బజారున పడింది.

కొట్లలో అరలు నిండిపోయాయి. దీనికితోడు అటారి స్వయంగా చేసిన తప్పు ఒకటుంది. అంతకుముందు సరుకు ఎప్పుడూ తక్కువే. పంపిణీదారులు వంద అడిగితే యాభై వచ్చేవి. 1981 చివర్లో అటారి వాళ్ళని పిలిచి 1982కి ఏడాది మొత్తం ఆర్డర్లు ఇప్పుడే ఇచ్చేయమంది. ఎలాగూ సగమే వస్తుందని వాళ్ళు రెట్టింపు రాసిచ్చారు. ఈసారి అటారి మొత్తం తయారుచేసింది. కాగితం మీది గిరాకీని చూసి నిజం గిరాకీ అనుకుంది. 1982 ఏప్రిల్ వేళకి ‘ప్యాక్‌మ్యాన్’ లక్షల్లో అమ్ముడైంది నిజమే. కానీ మిణుకుమనే దయ్యాల్ని చూసి జనం ముఖం చిట్లించారు కూడా.

ఇక ‘ఈ.టీ.’ సంగతి. స్పీల్‌బర్గ్ సినిమా హక్కులకి అటారి 2 కోట్ల డాలర్లకి పైగా ఇచ్చిందని అప్పటి వార్తలు. బేరం తేలేసరికి జులై చివరికొచ్చింది. క్రిస్మస్‌కి కొట్లలో ఉండాలంటే సెప్టెంబరు 1 నాటికి ఆట పూర్తవ్వాలి. హోవర్డ్ స్కాట్ వార్షా అనే ప్రోగ్రామర్‌కి దొరికింది అయిదు వారాలు. అంతకుముందు ఆయన చేసిన ‘యార్స్ రివెంజ్’ ఆ పెట్టెకి వచ్చిన గొప్ప ఆటల్లో ఒకటి; అంటే చేతకాని మనిషి కాదు. చెప్పిన తేదీకి పూర్తిచేశాడు. పిల్లలు ఆడితే గ్రహాంతరవాసి మాటిమాటికీ గోతుల్లో పడిపోతున్నాడు, ఎక్కి రావడానికి ప్రాణం పోతోంది. దాదాపు 40 లక్షల క్యాసెట్లు తయారుచేస్తే పెద్ద భాగం వెనక్కి వచ్చింది.

కానీ అటారి కూలిందన్న కబురు ఆ ఫలితం తేలకముందే వచ్చేసింది. 1982 డిసెంబరు 7న, లాభాల్లో పెరుగుదల 50 శాతం వస్తుందనుకున్నది 10, 15 మాత్రమే ఉంటుందని వార్నర్ ప్రకటించింది. షేరు రెండు రోజుల్లో మూడో వంతు పడింది. ఆ ప్రకటనకి 23 నిమిషాల ముందు కాసార్ తన షేర్లలో 5,000 అమ్ముకున్నాడని బయటపడింది. తప్పు ఒప్పుకోకుండానే లాభం తిరిగిచ్చి కేసు ముగించుకున్నాడు. 1983 జులైలో పదవి పోయింది. వచ్చినాయన సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ మనిషి.

1983లో పతనం నడిచిన తీరు ఇది. చిన్న కంపెనీలు మూతపడ్డాయి. మిగిలిపోయిన సరుకు వెనక్కి తీసుకునే నాథుడు లేక కొట్లవాళ్ళు 35 డాలర్ల ఆటల్ని అయిదు డాలర్ల బుట్టల్లో పోశారు. బుట్టలో అయిదుకి దొరుకుతుంటే అరలో ఉన్న మంచి ఆటకి 35 పెట్టేదెవరు? అలా చెత్త ఆటలు మంచివాటిని కూడా పట్టుకుని మునిగాయి. అదే వేళకి కమడోర్ 64 కంప్యూటర్ ధర సగానికి పైగా తగ్గింది. అంత డబ్బు పెట్టి గేమ్ పెట్టె దేనికి, కంప్యూటరే కొంటే పిల్లలు చదువుకుంటారు కూడా అని తల్లిదండ్రులు అనుకున్నారు. ఆ వాదన మనకీ బాగా తెలిసిందే. అటారి ఆ ఒక్క ఏడు 50 కోట్ల డాలర్లకి పైగా పోగొట్టుకుంది. అమెరికాలో ఇంటి గేముల వ్యాపారం 1983లో 320 కోట్ల డాలర్లుంటే, 1985కి 10 కోట్లకి పడిపోయింది.

1983 సెప్టెంబరులో అటారి న్యూ మెక్సికోలోని అలమగోర్డో ఊరి చెత్తదిబ్బలో లారీల కొద్దీ సరుకు పూడ్చి పైన కాంక్రీటు పోసింది. ‘ఈ.టీ.’ సమాధి అని దానికి పేరొచ్చింది. 2014 ఏప్రిల్‌లో తవ్వి చూస్తే పైకి తీసిన 1,300 క్యాసెట్లలో పదోవంతు మాత్రమే ‘ఈ.టీ.’వి. మిగతావి బాగా అమ్ముడైన ఆటలతో సహా రకరకాలవి. కారణం ఒక్క ఆట కాదని ఆ గొయ్యే చెప్పింది. తవ్వకం చూడటానికి వార్షా కూడా వెళ్ళాడు. ఆయన అప్పటికే వృత్తి మార్చుకుని మానసిక చికిత్సకుడయ్యాడు.

మేరీ ఎక్కడుంది

సీరీస్‌లో మేరీ మీద వేసే జోకులకి కూడా అసలుంది. క్యారల్ షా 1978లో అటారిలో చేరింది. ప్రయోగశాల చూడ్డానికొచ్చిన కాసార్, ఆడపిల్ల చేరింది కాబట్టి ఇక రంగుల పొందిక, ఇంటి అలంకరణ ఆటలు చేస్తుందన్నట్టు మాట్లాడాడని ఆమె తర్వాత చెప్పింది. ఆమె యాక్టివిజన్‌కి వెళ్ళి 1982లో యుద్ధవిమానం ఆట ‘రివర్ రెయిడ్’ చేసింది. అందులో నది అంతులేకుండా సాగుతుంది. ఆ నది క్యాసెట్‌లో ఎక్కడా దాచి లేదు. ఒక చిన్న లెక్క వరసగా అంకెల్ని పుట్టిస్తుంటే వాటినుంచి ఒడ్డులూ వంతెనలూ అప్పటికప్పుడు ఏర్పడతాయి. 4 కేబీలో నదిని పట్టించడం అంటే అదీ.

బుష్నెల్ కాలంలో అటారి మీటింగులు వేడినీళ్ళ తొట్టిలో జరిగేవని గొప్పగా చెప్పుకునేవారు. 2018లో గేమ్ డెవలపర్ల సదస్సు ఆయనకి పురస్కారం ప్రకటించి, ఆ రోజుల్లో ఆడవాళ్ళ పట్ల ఆయన తీరు గురించి విమర్శలు రాగానే వెనక్కి తీసుకుంది. అప్పట్లో అక్కడ పనిచేసిన కొందరు మహిళలు ఆయన పక్షాన మాట్లాడారు కూడా. ‘కోడ్ మంకీస్’ 2007లో ఇదంతా సరదా రోజులన్నట్టు చూపించింది. పదేళ్ళు తిరిగేసరికి ఆ నవ్వు అంత తేలిగ్గా రావడం మానేసింది.

పరిశ్రమని మళ్ళీ లేపింది జపాన్ నింటెండో. 1985లో అమెరికాకి తెచ్చిన పెట్టెలో అటారి మరిచిన తాళం పెట్టింది: తను ఇచ్చిన చిప్ లేని క్యాసెట్ అందులో ఆడదు. బయటి కంపెనీ ఏదైనా సరే అనుమతి తీసుకోవాలి, ఏడాదికి అయిదు ఆటలకి మించకూడదు, డబ్బా మీద నింటెండో ముద్ర ఉండాలి. సరుకు అరలు పొంగే సమస్య దాంతో తీరింది. కాసార్ గదిలో ఆ నలుగురు అడిగింది మాత్రం అంత త్వరగా తీరలేదు. జపాన్ కంపెనీల్లో చాలావరకు, పేర్లు బయటపడితే పోటీవాళ్ళు మనుషుల్ని ఎగరేసుకుపోతారన్న భయంతో, ఆట చివర వచ్చే పట్టికలో మారుపేర్లే వేయించేవి. ‘మెగా మ్యాన్’ ఆటల్లో బొమ్మలు గీసిన కెయిజి ఇనఫూనే పేరు ఇనఫ్‌కింగ్ అని ఉంటుంది.